తొమ్మిదింటికి దీపం ఆర్పే మనిషి

17 జనవరి 1964, శుక్రవారం

చలి. పొద్దు బాగా ఎక్కేదాకా నాంపల్లి స్టేషను వైపు మంచు విడవలేదు. మేడ మీది నీళ్ళ తొట్టి దగ్గరుండి కడిగించాను. అడుగున ఒక సబ్బుపెట్టె దొరికింది. ఎవరిదో తెలియదు.

మేనేజరుగా రాసే డబ్బు లెక్క లాడ్జి పుస్తకంలో ఉంది. ఇక్కడ దినం లెక్క మాత్రమే.

విద్యావతి అక్క చాదర్‌ఘాట్ నుంచి వచ్చింది. ఆఫీసు గదిలో కూర్చుని, లాడ్జి మొత్తానికి వినిపించేలా నా పెళ్ళి సంగతి మాట్లాడింది.

"పిల్ల పేరు సౌభాగ్య. హిమాయత్‌నగర్ల బడిపంతులమ్మ. తల్లిదండ్రి లేరు. అన్న కిషన్ ఏది చెప్తే గదే. గా కిషన్‌కు ఒక్కటే పట్టు. పిలగాడు రాత్రిపూట ఏడ తిరుగుతడు? గది తెలుసుకోవాలె. నుమాయిష్ ఎగ్జిబిషన్ అయిపోయేదాంక దర్యాప్తు చేస్తడంట."

"చేయనీ," అన్నాను.

"నీకేం ఫికర్? పొద్దుమూకినంక నువ్వు గేటు దాటితే గదా! నీ అసొంటోడు చిరాగ్ పెట్టి దేవులాడినా దొర్కడు ఆయనకు."

మెచ్చుకుందో తిట్టిందో తెలియలేదు. ఇంతకు ముందు వచ్చిన సంబంధాలన్నీ నేను నోరు విప్పలేదని పోయాయి. ఈ సంబంధానికి నోరు విప్పనక్కరలేదు, లోపల ఉంటే చాలు. నాకు తగినదే. అయినా నాకు పెద్ద ఆశ ఏమీ లేదు. అక్క ఫొటో చూపించింది. చూశాను. తిరిగి ఇవ్వడం మరిచాను.

నాలుగో గదిలో ఏలూరు నుంచి వెంకటరత్నమ్మ గారు దిగారు. అక్కడ ఆమెకు భోజన హోటలు ఉందట. అరవై దాటి ఉంటాయి. ఒక్కతే వచ్చింది. పెట్టెతో పాటు కూర్చోవడానికి సొంత పీట తెచ్చుకుంది. లాడ్జి కుర్చీలను చూసి, "వీటి మీద ఎవరెవరు కూర్చున్నారో!" అంది. అడిగిందే గాని జవాబు కోసం ఆగలేదు.

18 జనవరి, శనివారం

చలి. మెట్ల కింద బల్బు మార్చాను.

రాత్రిపూట ఆబిడ్స్ దాకా భయం లేకుండా వెళ్ళి రావచ్చా అని వెంకటరత్నమ్మ గారు అడిగింది. తెలియదన్నాను.

"నువ్వు ఈ ఊరివాడివేనా?"

ఔనన్నాను.

19 జనవరి, ఆదివారం

ఎండ బాగుంది. పొద్దున పక్కబట్టలు చాకలికి వేశాను. పన్నెండో దుప్పటి మళ్ళీ తక్కువ.

అక్కతో హిమాయత్‌నగర్ వెళ్ళాను. కిషన్ గారు పట్టపగలు మెడకు మఫ్లరు చుట్టుకుని కూర్చున్నారు. కోఠిలో ఒక బట్టల దుకాణంలో పద్దులు చూస్తారట. మంచి మనిషి. మాట మాత్రం వకీలు మాట.

"సాయంత్రం పూట ఏం చేస్తరు?"

"లెక్కలు రాస్త."

"తర్వాత?"

"పేపరు చదువుత. చిన్నప్పుడు బడిల ఉర్దూనే. తెలుగు పేపరు చూసే నేర్చుకున్న."

"తర్వాత?"

"తొమ్మిదింటికి దీపం ఆర్పుత."

కిషన్ గారు అటు తిరిగి భార్య అహల్య గారి వైపు, నేను చెప్పలేదా అన్నట్టు చూశారు. తొమ్మిదింటికి వారింట్లో కూడా తలుపు గడియ పడుతుందట. అట్లా ఒకే పద్ధతి కలిసినందుకు ఆయనకు చాలా సంతోషం కలిగింది.

అమ్మాయిని కూడా ఏమైనా అడగమన్నారు. ఆమె ఉప్మా పళ్ళెం నా ముందు పెట్టి, "ఈసారి నుమాయిష్ చూసిన్రా?" అంది.

"లేదు."

"పోయినసారి?"

"లేదు. మందిల తిరగడం నాకు పడదు."

"అట్లనా," అంది. ఆ తర్వాత మేము లేచేదాకా కిటికీ వైపే చూస్తూ ఉంది. సిగ్గు కాబోలు. నా పద్ధతి ఆమెకు నచ్చినట్టే ఉంది.

20 జనవరి, సోమవారం

చలి. రెండో గది గడియకు నూనె వేశాను.

వెళ్ళవలసి వచ్చింది.

వెంకటరత్నమ్మ గారు తొమ్మిదిన్నరకు పీట చంకన పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. రాత్రులు తెరిచి ఉండే ఇడ్లీ హోటలు ఒకటి ఆబిడ్స్‌లో పెట్టాలని ఆమె ఆలోచన. "మా వైపువాళ్ళు ఇక్కడ ఆఫీసుల్లో నిండిపోయారు కదయ్యా. సినిమా వదిలాక, రైలు దిగాక ఏం తింటున్నారో నా కళ్ళతో నేను చూడొద్దూ? అది పగలు కనిపిస్తుందా?"

"ఒక్కరే పోవుడు మంచిది గాదమ్మా."

"అందుకే కదూ నువ్వు వస్తున్నావు."

నా పరిస్థితి చెప్పబోయాను. అవసరం లేకపోయింది. "విన్నానులే. మీ అక్కయ్య చెబుతుంటే స్టేషనులో రైలు కూడా ఆగి విని ఉంటుంది. నీ గదిలో దీపం ఆర్పిరా. చూసినవాళ్ళు పడుకున్నాడనుకుంటారు."

ఊడ్చే యాదవ్వ రాత్రి వరండాలోనే పడుకుంటుంది. తాళంచెవి ఆమెకిస్తూ, త్వరగా వస్తామన్నాను.

"పో సారూ. గామెను ఒక్కదాన్ని ఇడిస్తే ఖతరా."

"ఆమెకేం గాదులే."

"ఆమెకు గాదు. ఊరికి."

లాడ్జిలో దిగిన మనిషికి ఏమైనా అయితే మాట లాడ్జికే వస్తుంది. అందుకోసం వెళ్ళాను. అంతకు మించి ఏమీ లేదు.

ఆమె ఉద్దేశంలో రాత్రి తిరగడం వంట లాంటిది, ముందు సిద్ధం చేసుకుంటే చెయ్యి కాలదు. ఆ రోడ్డంతా పగలే ఒకసారి నడిచి చూసి వచ్చిందట. డబ్బు మూడు చోట్ల ముడి వేసుకుంది. రిక్షా ఎక్కేముందు రిక్షావాడి పేరు, వాడి పిల్లల పేర్లు, వాళ్ళు చదివే తరగతులు నలుగురూ వినేలా అడిగింది. అడ్డదారిన తీసుకెళ్తానంటే దిగిపోతానంది. ఒకవేళ ఒకరికొకరం తప్పిపోతే పెద్ద పోస్టాఫీసు మెట్ల మీద కలుసుకోవాలంది. నేనెందుకు తప్పిపోతానన్నాను. "మొహం చూస్తే తెలియడం లేదూ?" అంది.

రంజాను నెల కదా, ఇరానీ హోటళ్ళన్నీ తెరిచే ఉన్నాయి. ఇన్నేళ్ళుగా ఈ రోడ్డు మీదే పగలంతా తిరిగాను. రాత్రి దానికి ఇన్ని దీపాలుంటాయని నాకెవరూ చెప్పలేదు. ఒకతను రోడ్డు పక్కన నిలబడి గాలిపటాల కాగితాలతో పూలు చేస్తున్నాడు. కొనేవాళ్ళు లేరు, అయినా చేస్తున్నాడు.

హోటల్లో ఆమె గోడకు వీపు ఆనించి, గుమ్మం కనిపించేలా సొంత పీట వేసుకుని కూర్చుంది. బయట తిండి ముట్టదు. చాయ్ మాత్రం తిండి కాదట. పక్క బల్ల దగ్గర మనిషిని పలకరించి, "ఏం నాయనా, ఇది ఏ పూట భోజనం? దీనికి ముందు ఏం తిన్నావు? కడుపు నిండిందా, అలవాటుకొద్దీ తింటున్నావా?" అని అడిగింది. అతను తిడతాడనుకున్నాను. పళ్ళెం ఆమె వైపు జరిపి, అన్నీ విడమరిచి చెప్పాడు.

నేను చాయ్ రెండు తాగాను. రెండోది ఆమె కోసం తెప్పించినది. చల్లారిపోతుందని తాగాను.

21 జనవరి, మంగళవారం

చలి. చాకలి పద్దు చూశాను.

వెళ్ళలేదు. తొమ్మిదింటికి దీపం ఆర్పాను. చాలాసేపు నిద్ర పట్టలేదు. చాయ్ వల్ల. చాయ్ తాగింది నిన్న.

22 జనవరి, బుధవారం

మబ్బు. నూతి గిలకకు కొత్త తాడు.

వెళ్ళాం. లాడ్జి పేరు కాపాడాలి కదా.

23 జనవరి, గురువారం

చలి తగ్గింది. చేసిన పని గుర్తులేదు.

వెళ్ళాం. నిజానికి ఆమె మోకాళ్ళ నొప్పులని వద్దంది. ఒక్కరోజు మానితే దారి అలవాటు తప్పుతుందని నేనే చెప్పాను. ఆమె నా వైపు ఒకసారి చూసి పీట తీసుకుంది.

25 జనవరి, శనివారం

పొద్దున చలి. గదులు ఊడ్పించాను.

గదులు ఊడ్చినప్పుడు దొరికే సెకండ్ షో టికెట్ల ముక్కలు నేను పారేయను. అర్ధరాత్రి దాటాక రోడ్డు మీద పోలీసు ఆపితే, సినిమా చూసి వస్తున్నామని సగం టికెట్టు చూపించడం ఈ ఊరి పద్ధతి. అది లేనివాడు ఏం చెప్పినా దొంగే. రైలు దిగి తిరగాలనుకునే బస మనుషులకు అప్పుడప్పుడు ఇస్తుంటాను. తప్పని నాకు తెలుసు. కాని వాళ్ళు దొంగలు కారని కూడా తెలుసు.

ఈ రాత్రికి మూడో గదిలో దొరికిన ముక్కలు రెండు జేబులో వేసుకున్నాను. సినిమాకు మాత్రం వెళ్ళలేదు. సినిమా వదిలాక బయటికొచ్చిన మనుషులు ఎటు నడుస్తారో చూడాలని, ఆమె టాకీసు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. మొత్తం జనంలో ఎక్కువమంది ఇరానీ హోటలు వైపు పోయారు. మిగిలినవాళ్ళు ఆకలితో ఇళ్ళకు పోయారు. "అదిగో, ఆ ఆకలితో పోయేవాళ్ళే నావాళ్ళు," అంది.

తిరిగి వస్తుంటే స్టేషను రోడ్డు మీద పోలీసు జవాను ఆపాడు. టార్చి నా ముఖం మీద వేసి, ఆమె మీద వేసి, పీట మీద వేశాడు.

"కిదర్ సే? ఏడికెల్లి వస్తున్నరు?"

"సెకండ్ షో," అని టికెట్లు ఇచ్చాను.

అతను టార్చి దగ్గర పెట్టి తిప్పి చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు.

"ఇవి రెండూ జనానా టికెట్లు. ఆడోళ్ళ తెర ఎనుక సీట్లు. నువ్వు గాడెట్ల కూసున్నవ్ రా?"

మూడో గదిలో దిగినవాళ్ళు అత్తాకోడళ్ళు. నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. ఈ సంగతి కిషన్ గారి దాకా పోతే ఇక ముహూర్తం లేదు, ఫొటో లేదు. నాకు కనిపించింది అదొక్కటే.

వెంకటరత్నమ్మ గారు ముందుకొచ్చింది. "వాడెందుకు కూర్చుంటాడు నాయనా? రెండూ నావే. ఒకటి నాకు, ఒకటి నా మోకాళ్ళకి. కాళ్ళు చాపుకోవద్దూ? అబ్బాయి బయట నిలబడ్డాడు."

"సినిమా అయ్యేదాంక బయటనే ఉన్నవా?" అని జవాను నన్నడిగాడు.

"ఔ సాబ్."

"షాదీ అయిందా?"

"కాలే సాబ్."

"నీకు జల్ది అయితది పో. గింత ఓపిక ఏ ఆడామె ఇడిచిపెడ్తది?"

అతను నవ్వాడు. ఆమె నవ్వింది. మా సందు మలుపు తిరిగాక, ఎవరూ లేనప్పుడు, నేను కూడా నవ్వాను. ఆపుకోలేక ఒక గోడ పట్టుకున్నాను. ఇది రాయవలసిన సంగతి కాదు.

27 జనవరి, సోమవారం

ఎండ. ఆఫీసు బల్ల కాలికి చెక్కముక్క పెట్టాను.

కిషన్ గారు నిన్న సాయంత్రం మా సందు మొదట్లో పాన్ డబ్బా దగ్గర నా గురించి అడిగారట. పాన్ డబ్బా అతను వచ్చి చెప్పాడు.

"నేనేమన్ననంటే, బంగారం అసొంటి మనిషి. తొమ్మిదింటికి దీపం ఆర్పుతడు, రోజూ నా కండ్లతో నేను చూస్త అన్న. మంచిగ చెప్పిన్నా?"

బాగా చెప్పావన్నాను. దీపం ఆరుతున్న మాట నిజమే.

29 జనవరి, బుధవారం

ఎండ. గోడ సున్నం రాలుతోంది.

అక్క కబురు: కిషన్ గారికి దాదాపు నమ్మకం కుదిరింది. ముహూర్తం పెట్టే అయ్యవారిని కూడా చూస్తున్నారు. సంతోషం. ఇక రాత్రులు మానేయాలి.

వెళ్ళాం.

1 ఫిబ్రవరి, శనివారం

పగలు వేడి, రాత్రి చల్లగాలి. ఐదో గది లాంతరు చిమ్నీ తుడిచాను.

ఈ రాత్రి జరిగింది రాసి తీరాలి. తర్వాత చూసుకోవడానికి.

నుమాయిష్‌లో జనం ఏం తింటారో చూడాలని ఆమె పట్టుబట్టింది. అది మా లాడ్జికి నడిచిపోయేంత దూరమే. హిమాయత్‌నగర్ వాళ్ళు ఉంటారేమో అన్నాను. "మీ కిషన్ తొమ్మిదింటికి పడుకుంటాడన్నావు కదా? మరి భయం దేనికి?" అంది. ఆ మాట సబబుగా తోచింది. లోపలికి పోగానే, తప్పిపోతే మిఠాయి దుకాణం దగ్గర కలుసుకుందామంది. అక్కడ మిఠాయి దుకాణాలు చాలా ఉన్నాయని ఇద్దరికీ తెలియలేదు.

ఆమె ఒక పెద్ద పెనం ముందు ఆగింది. నేను మృత్యుకూపం చూడటానికి చెక్క మెట్లెక్కాను. నిలువు గోడ మీద మోటారు సైకిలు తిరుగుతుంది. మనిషి చేతులు వదిలేశాడు. పైన మా కాళ్ళ కింద చెక్కలు ఊగుతున్నాయి. ఒక్కసారి చూసి దిగుదామనుకున్నాను. మళ్ళీ టికెట్టు తీసుకున్నాను. తర్వాత ఇంకోసారి. నేను అరిచానని పక్కనున్నతను తర్వాత చెప్పాడు. నాకు తెలియదు.

అప్పుడు మైకు మోగింది.

"ఒక ముఖ్య గమనిక. నాంపల్లి స్టేషను సందు లాడ్జి మేనేజరు శ్రీపతి తప్పిపోయినాడు. వయసు ముప్పై నాలుగు. తెల్ల చొక్కా. ఎక్కువ మాట్లాడడు. జడుసుకునే స్వభావం. కనబడినవారు చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి తీసుకురాగలరు. ఏలూరు వెంకటరత్నమ్మ గారు కంగారు పడుతున్నారు."

తర్వాత అదే ఉర్దూలో చెప్పారు. ఉర్దూలో ఇంకా బాగా వినిపించింది.

పక్కనున్నతను నా చొక్కా చూశాడు. "మీరేనా?" అన్నాడు. నేను మాట్లాడలేదు. "ఎక్కువ మాట్లాడడు! వీడే, వీడే!" అని అరిచాడు. ఇద్దరు మనుషులు నా చెరో చెయ్యి పట్టుకున్నారు. దారిలో ఒకామె తన పిల్లవాడికి నన్ను చూపించి, "చూడు, అమ్మ చెయ్యి ఇడిస్తే గిట్లనే అయితది," అంది.

మైకు దగ్గర తప్పిపోయిన పిల్లలు నలుగురు బల్ల మీద కూర్చుని ఏడుస్తున్నారు. వాళ్ళ పక్కన నన్ను కూర్చోబెట్టారు. వెంకటరత్నమ్మ గారు వచ్చి సంతకం పెట్టి విడిపించుకుంది.

"పేరెందుకు చెప్పించినరమ్మా!" అన్నాను.

"పేరు చెప్పకపోతే వాళ్ళకెట్లా తెలుస్తుందయ్యా? నువ్వు బ్రహ్మచారివని కూడా చెప్పమన్నాను. అది మాత్రం వాళ్ళు చదవలేదు."

2 ఫిబ్రవరి, ఆదివారం

రాయడానికి ఏమీ లేదు.

3 ఫిబ్రవరి, సోమవారం

వేడి. లెక్కలు సరిచూశాను. రెండుసార్లు.

మధ్యాహ్నం కిషన్ గారు వచ్చారు. మఫ్లరు లేదు. అంటే కోపంగా ఉన్నారు. శనివారం రాత్రి వారి పక్కింటివాళ్ళు నుమాయిష్‌లో ఉన్నారట.

"తొమ్మిదింటికి దీపం ఆర్పుతనంటిరి. తొమ్మిది దాటినంక మైకుల మీ పేరేంది?"

నేను లెక్కల పుస్తకం మూశాను. అంతలో నాలుగో గది నుంచి వెంకటరత్నమ్మ గారు పీటతో సహా వచ్చేసింది. నన్ను కాపాడటానికే వచ్చింది. ఆ సంగతి నాకు తెలుసు.

"తప్పు నాది బాబూ. ఈ అబ్బాయి లాంటివాడు మీకు దొరకడు. ఆడమనిషిని ఒంటరిగా పంపకూడదని రోజూ నా వెంట వస్తున్నాడు."

"రోజూనా?" అన్నారు కిషన్ గారు. ఆయనకు తెలిసింది ఒక్క శనివారమే.

"రోజూ! చాయ్ ఎక్కడ బాగుంటుందో నాకంటే వాడికే బాగా తెలుసు ఇప్పుడు. దీపం ఆర్పి మరీ వస్తాడు, అంత జాగ్రత్త. మొన్న పోలీసు కూడా ఎంత మెచ్చుకున్నాడని!"

"పోలీసా?"

"జనానా టికెట్ల విషయంలో."

నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి కిషన్ గారు లేచి నిలబడి ఉన్నారు. "మేం సాదాసీదా మనుషులం. మా ఇంట్ల తొమ్మిదింటికి గడియ పెడ్తం. మాట వాపస్ తీసుకుంటున్న. ఏమనుకోకున్రి," అన్నారు. మర్యాదగానే అన్నారు.

ఆయన వెళ్ళాక వెంకటరత్నమ్మ గారు పీట పక్కన పెట్టి లాడ్జి కుర్చీలో కూర్చుంది. నేను ఆమెను చూసినప్పటి నుంచి అదే మొదటిసారి. "ఉన్నదున్నట్టు చెబితే గౌరవిస్తాడనుకున్నాను నాయనా," అంది.

ఫరవాలేదన్నాను. నాకు మొదటి నుంచీ పెద్ద ఆశ లేదు.

4 ఫిబ్రవరి, మంగళవారం

వేడి. తొట్టి కడిగాను. కిటికీలు తుడిచాను. గడియలన్నిటికీ నూనె వేశాను. పన్నెండో దుప్పటి దొరికింది.

ఫొటో తిరిగి ఇవ్వాలి. రేపు ఇస్తాను.

5 ఫిబ్రవరి, బుధవారం

ఇవ్వలేదు.

6 ఫిబ్రవరి, గురువారం

వేడి. వెంకటరత్నమ్మ గారికి ఆబిడ్స్‌లో చిన్న గది కిరాయికి దొరికింది. మూడు నెలల్లో పొయ్యి వెలిగిస్తానంటోంది. ఈ రాత్రి తిరగడానికి రమ్మంది. తలనొప్పి అన్నాను. తొమ్మిదింటికి దీపం ఆర్పాను. ఈసారి నిజంగానే లోపల ఉన్నాను.

8 ఫిబ్రవరి, శనివారం

వేడిగాలి. పని సగంలో ఉండగా వాళ్ళు వచ్చారు.

బడి ఒంటిపూట. సౌభాగ్య గారు, వదిన అహల్య గారు, వెనక మా అక్క. అక్క ముఖం చూస్తే తన ఇష్టం లేకుండా నడిచి వచ్చినట్టుంది. "నన్నేం అనకు తమ్మీ. ఫొటో వాపస్ తీసుకుంటమని వచ్చిన్రు," అంది. నేను సొరుగు తెరవబోయాను.

"ఫొటో తర్వాత," అంది సౌభాగ్య గారు. బల్ల అటువైపు బెంచీ మీద కూర్చుంది. బడిలో పిల్లవాణ్ణి లేపి అడిగినట్టు అడిగింది. "మా ఇంట్ల తొమ్మిదింటికి పండుకుంటనన్నరు. మందిల పడదన్నరు. రాత్రులు తిరిగేది నిజమా, పండుకునేది నిజమా?"

ఈ ప్రశ్నకు జవాబు నా దగ్గర వారం నుంచి తయారుగా ఉంది. లాడ్జి మర్యాద, ఒంటరి ఆడమనిషి, బాధ్యత. అన్నీ వరుసలో ఉన్నాయి. పైగా అవి అబద్ధాలు కూడా కావు. ఆ జవాబు చెబితే కిషన్ గారు కూడా మెత్తబడతారని అక్క నిన్ననే కబురు పంపింది. ఇప్పుడు కళ్ళతో అదే చెప్పమంటోంది. నాలుగో గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల నుంచి చప్పుడు లేదు.

"మొదటి దినం ఆమె కోసం పోయిన," అన్నాను.

"తర్వాత?"

"తర్వాత నా కోసమే పోయిన."

అక్క నెత్తి కొట్టుకుంది. సౌభాగ్య గారు ఈసారి కిటికీ వైపు చూడలేదు. నన్నే చూస్తోంది. ఇక పోయేదేమీ లేదు కాబట్టి మిగతాది కూడా చెప్పాను. "నుమాయిష్‌ల మోటారు సైకిలు మూడుసార్లు చూసిన. లాస్టుకు ఒర్రిన అంట. మీ అన్నగారు చెప్పింది అంతా నిజమే."

"ఏం ఒర్రిన్రు?"

"తెల్వది."

ఆమె నవ్వింది. వదిన వైపు తిరిగి, "నేను చెప్పలే?" అంది. తర్వాత నాతో, "పక్కింటామె వచ్చి మైకు సంగతి చెప్తుంటే అన్నయ్యకు కోపం వచ్చింది. నాకు నవ్వొచ్చింది. ఆనాడు మా ఇంటికి వచ్చిన మనిషికీ మైకుల చెప్పిన మనిషికీ ఏం సంబంధం లేదనిపించింది. ఆనాటి మనిషినైతే నేనే వద్దందును," అంది.

"ఎందుకు?" అన్నాను.

"తొమ్మిదింటికి పండుకునే మనిషి ఇంట్ల ఒకలు ఉన్నరు. సాలు."

అహల్య గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గిది చెప్పున్రి. చాయ్ ఏడ మంచిగుంటది?"

చెప్పాను. స్టేషను ఎదురుది ఎందుకు వద్దో, మూల మీది హోటల్లో ఏ బల్ల దగ్గర కూర్చుంటే గాలి వస్తుందో, సినిమా వదిలాక ఎంతసేపు ఆగితే రిక్షా బేరం కుదురుతుందో, కాగితం పూల మనిషి ఎక్కడ నిలబడతాడో. నేను ఎంతసేపు మాట్లాడానో తెలియదు. ఆగి చూస్తే అక్క నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. పుట్టినప్పటి నుంచి నేను ఆమెతో అన్ని మాటలు మాట్లాడి ఉండను.

"అన్నయ్యతోని నేను మాట్లాడ్త," అని సౌభాగ్య గారు లేచింది. గుమ్మం దగ్గర నాలుగో గది వైపు తిరిగి, "అమ్మా, ఇగ మీరు బయటికి రావొచ్చు," అంది.

"కాళ్ళు తిమ్మిరెక్కాయమ్మా, వస్తున్నా," అని లోపలి నుంచి జవాబు వచ్చింది.

ఫొటో ఎవరూ అడగలేదు. నేనూ గుర్తు చేయలేదు.

9 ఫిబ్రవరి, ఆదివారం

చల్లగాలి తిరిగింది. చేసిన పని చివర రాస్తాను. ముందు ఇది.

పొద్దున అక్క పరుగున వచ్చింది. హిమాయత్‌నగర్‌లో రాత్రి దీపం చాలాసేపు ఆరలేదట. గడియ పెట్టాక కూడా అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకున్నారట. చివరికి కిషన్ గారు ఒక షరతు పెట్టారు. రాత్రి తిరుగుడంటే ఏమిటో తను కళ్ళారా చూడాలి. అది మర్యాదస్తులు తిరిగేదైతే సరే, కాకపోతే ఆ మాట మళ్ళీ ఎత్తొద్దు. అందుకని ఈ రాత్రి ఆయన, అహల్య గారు, సౌభాగ్య గారు నుమాయిష్‌కు వస్తున్నారు. నేను తీసుకుపోవాలి. పెళ్ళి అంతా ఇక ఈ రాత్రి మీద ఉంది.

కిషన్ గారు ఇప్పటిదాకా తొమ్మిది దాటాక రోడ్డు చూడలేదట. సాయంత్రం నాలుగు గంటలకే ఒక మనిషిని పంపి అడిగించారు: రాత్రి కుక్కలు ఉంటాయా? మంచు పడుతుందా? తిరిగి వచ్చేటప్పుడు రిక్షా దొరకకపోతే ఎట్లా? ఇంటి తాళం ఎవరి దగ్గర పెట్టాలి? అన్నిటికీ జవాబు పంపాను. కుక్కలు ఉంటాయి గాని తెలిసినవే అని చెప్పించాను. ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. ఎవరికి తెలిసినవి అని అడిగించారట. నాకు అని చెప్పించాను.

వెంకటరత్నమ్మ గారిని కూడా రమ్మన్నాను. రానంది. "నాకు మోకాళ్ళ నొప్పులు. నువ్వు తప్పిపోతే మాత్రం నేను రాను నాయనా, వాళ్ళే వెతుక్కుంటారు," అంది. పెసరపప్పు నానబోయడానికి పోయింది.

ఆయనను మృత్యుకూపం మెట్లెక్కించకూడదు. ముందు చాయ్, తర్వాత బొమ్మల వరుస, జనం పల్చబడ్డాక జెయింట్ వీలు. చక్రం ఎక్కుతానని సౌభాగ్య గారు అంటే ఏం చేయాలి? అన్నగారు ఎదురుగానే ఉంటారు. ఆయన్ని కింద గట్టి నేల మీద, దీపం కింద నిలబెట్టి, చేతికి వేరుశనగల పొట్లం ఇస్తే సరిపోతుందేమో. పైన మేము ఎక్కువసేపు ఉండకపోతే ఆయన కంగారు పడరు. ఎక్కువసేపే ఉంటే బాగుంటుంది. ఇది కొట్టేయాలి. కొట్టేయను.

ఇంకా వేళ కాలేదు. దీపం వెలుగుతూనే ఉంది, ఆర్పేది లేదు. చేసిన పని రాయాలి. పొద్దున ఆరో గది కిటికీ రెక్కకు

గేటు దగ్గర పిలుస్తున్నారు. కిషన్ గారి గొంతు కాదు, సౌభాగ్య గారిది. యాదవ్వ తాళం తీయకముందే ఆమె